ఊపిరి కొలిమిలోని పనివారు

తిన్న అన్నము ఒక త్రోవను, పీల్చిన గాలి వేరొక త్రోవను దేహములోనికి పోవుచున్నవి. ఒకటి కడుపునకు, రెండవది ఊపిరితిత్తులకు చేరునని బడిపిల్లలును చెప్పగలరు. కాని యీ రెండును తుదకు ఎచ్చట కలిసికొనునని అడిగినచో పెద్దలును కొంత తడవు ఆలోచింతురు. కట్టెయు గాలియు కలిసినచోటనే గదా మంట పుట్టును! ఆ పొయ్యి మనలో ఎచ్చట నున్నది? మన పూర్వులు దానికి జఠరాగ్ని యని పేరిడి కడుపులో నుంచిరి. అగ్ని యుండుట నిజమే. దాని తావు మాత్రము కడుపు కాదు. కండలోను, మెదడులోను, కాలేయములోను, గుండెలోను గల జీవకణములందు వందలుగా, వేలుగా నుండు నలుసులలో అది యెడతెగక రగులుచున్నది. నెత్తుటిలోని ఎఱ్ఱకణములకు మాత్రము ఈ పొయ్యి లేదు. ప్రాణవాయువును దేహమంతటికి మోసి పంచెడి ఆ కూలివారు దానిలో తమకొరకు రవ్వయు వాడుకొనకుండుట ఒక చమత్కారము.

ఈ నలుసులను 1890లో జర్మనీ దేశస్థుడగు ఆల్ట్‌మన్ విశదముగా వర్ణించి, ఇవి కణములో కాపురముండు వేరొక జాతి ప్రాణులు కాబోలునని తలచెను. తోటివారు నవ్విరి. (ఆ తలపులో కొంత సత్యమున్నదని తెలియుటకు ముప్పాతిక శతాబ్దము పట్టినది.) 1898లో బెండా యను మరియొక జర్మను పండితుడు గ్రీకు భాషలో దారమునకును గింజకును గల పేర్లను జోడించి ‘మైటోకాండ్రియా’ యని నామకరణము చేసెను. దారపుగింజలని మనము చెప్పుకొనవచ్చును గాని, మన పాఠ్యపుస్తకములు గ్రీకు పేరునే నిలుపుకొన్నవి. మనమును దానినే వాడుకొందము.

1950వ దశకమున ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని వచ్చిన పిమ్మట దీని లోపలి రూపు తెలిసినది. దీనికి రెండు పొరలు. పై పొర నున్నగా నుండును. లోపలి పొర చీర కుచ్చెళ్ళవలె మడతలు మడతలుగా నుండును. ఆ మడతలమీదనే యసలు పని జరుగును. ఆహారమునుండి తీసిన ఎలక్ట్రానులను అచ్చటి పనివారు ఒకరి చేతినుండి యొకరు అందుకొనుచు, కడపటివాని చేతిమీదుగా ప్రాణవాయువున కప్పగింతురు. ఆ కడపటి పనివాని పేరు సైటోక్రోము ఆక్సిడేసు. ఈ పేరును పాఠకులు కొంచెము గుర్తుంచుకొనవలెను. మరల దానితో పని యున్నది. ఎలక్ట్రానులు చేతులు మారునప్పుడెల్ల వెలువడు బలముతో హైడ్రోజను అయానులు పొరకు ఆవలివైపునకు తోడబడును. అవి చెఱువులో నీరువలె నిండి, ఒక్క తూముగుండ మరల లోనికి దుముకును. ఆ తూములో ఒక చక్రమున్నది. నీటి వడికి యంత్రము తిరిగినట్లు అది నిజముగానే తిరుగును. 1997లో జపాను శాస్త్రజ్ఞులు ఆ చక్రము తిరుగుటను సూక్ష్మదర్శినిక్రింద కన్నులార చూచిరి. 1961లో ఇంగ్లండున పీటర్ మిచెల్ ఈ చెఱువు సంగతిని మొదట చెప్పినప్పుడు నమ్మినవారు బహు కొద్దిమంది. 1978లో నోబెలు బహుమాన మిచ్చిరి.

ఆ చక్రము తిరిగినప్పుడు తయారగు సరకు ఏ.టి.పి. కండ కదలుటకు, మెదడు తలచుటకు, పాలు పడుటకు, పుండు మానుటకు దేహము చెల్లించు నాణెమిదియే. దానిని కనిపెట్టినవారిలో ఒకరు మన భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. బోస్టను నగరమున ఫిస్కె అను ఆచార్యునితో కలిసి, కండలలోని భాస్వరమును కొలుచు రంగు పరీక్షను ఆయన 1925లో సిద్ధపరచిరి. ఆ కొలతలే వారిని 1929లో ఏ.టి.పి. దాక నడిపించినవి. జర్మనీలో లోమన్ అనువాడును అదే యేడు వేరుగా దానిని కనుగొనెను. ఒక్క దినమున ఇంచుమించు తన బరువంత ఏ.టి.పి.ని మనిషి తయారుచేసి ఖర్చుపెట్టునని లెక్క. నిలువయుండునది మాత్రము గ్రాములలోనే. అనగా ఈ నాణెము పెట్టెలో దాచునది కాదు. అచ్చు వేసిన క్షణముననే చెల్లిపోవలసినది. టంకశాల కొన్ని నిమిషములు మూతపడినచో మనిషి లేడు.

మరి టంకశాలకే జబ్బు చేసినచో?

చేయగలదని లోకమునకు మొదట తెలిసినది 1962లో, స్టాక్‌హోముననుండి. అచ్చట లుఫ్ట్ అను వైద్యునియొద్దకు ముప్పదియైదేండ్ల స్త్రీ యొకతె వచ్చెను. ఆమెకు ఏడవయేటినుండి ఈ బాధ. చలిదేశములో నుండియు ఎడతెగని చెమట, తీరని దాహము, ఎంత తిన్నను ఒంటికి పట్టదు. 38 కిలోల బరువు. మెట్లెక్కు ఓపికయు లేదు. మంచముమీద కదలక పరుండినప్పుడు కొలిచిచూడగా ఆమె దేహము సామాన్యులకంటె రెట్టింపునకు మించి ప్రాణవాయువును దహించుచుండెను. ఇట్టి లక్షణములు చూచిన ఏ వైద్యుడైనను కంఠమునందలి థైరాయిడు గ్రంథిని అనుమానించును. అట్లే యనుమానించి కొంతభాగము కోసివేసిరి కూడ. గుణము కనబడలేదు. గ్రంథి నిర్దోషి.

లుఫ్ట్ చేసిన మంచిపని యేమనగా, తనకు తెలియని చోట తెలిసినవారిని పిలుచుట. ఆమె తొడకండలోని చిన్న తునకను తీసి, మైటోకాండ్రియాను పరిశోధించు ఎర్న్‌స్టెరునకును, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో దిట్టయగు అఫ్జీలియసునకును ఇచ్చిరి. నలుసులు మితిమీరి, కొన్ని పెద్దవై వికృతముగా నున్నవి. అంతకన్న ముఖ్యముగా, అవి ప్రాణవాయువును ఆబగా త్రాగుచున్నను తగిన ఏ.టి.పి. తయారుచేయుట లేదు. మన యూళ్ళ బియ్యపుమిల్లులలో పట్టా జారిపోయిన యింజనును చూచినవారి కిది సులభముగా బోధపడును. ఇంజను హోరున మ్రోగును, నూనె త్రాగును, గదియంతయు వేడెక్కును. ధాన్యము మాత్రము దంపబడదు. ఆ స్త్రీ చెమటకు కారణమా వేడి. కణములోని ఒక నలుసు చెడినందున మనిషికి రోగము రాగలదని నిరూపింపబడుట అదియే మొదలు. తరువాత వైద్యగ్రంథముల కెక్కిన అట్టి రోగి మరియొక్కరు మాత్రమే. రోగ మింత అరుదైనను, అది తెరచిన తలుపు చిన్నది కాదు.

ఆ తలుపులోనుండి తొంగిచూచినవారికి ఎదురైన ప్రశ్న: చెడినది ఏ పనివాడు? కణములో పనిచేయువారందఱును మాంసకృత్తులే; నేడు ప్రోటీనులని వ్యవహరింతుము. చక్రము ప్రోటీను, తూము ప్రోటీను, ఎలక్ట్రానులను చేతులు మార్చువారు ప్రోటీనులు. మైటోకాండ్రియాలో ఇట్టివారు ఎందరు, వారి పేర్లేమి, ఎవ్వరి పని యేది? ఇరువదవ శతాబ్దము ముగియువరకును ఈ హాజరుపట్టీ పూర్తిగా ఎవరియొద్దను లేదు.

ఇందులో ఒక చిక్కున్నది. మైటోకాండ్రియాకు స్వంత జన్యువులు కొన్ని కలవు. ఆల్ట్‌మన్ తలపులో సత్యమున్నదంటినే, అది యిదియే: ఇవి యొకనాడు స్వతంత్రముగా బ్రదికిన సూక్ష్మజీవులనియు, ఎన్నడో వేరొక కణములో చేరి కాపురము పెట్టినవనియు నేటి శాస్త్రజ్ఞుల నమ్మకము. 1981లో మానవుని మైటోకాండ్రియా జన్యువుల వ్రాతనంతను చదివిరి: 16,569 అక్షరములు. దానిలో ప్రోటీనులకు సంబంధించిన ఆజ్ఞలు పదమూడు మాత్రమే. మిగిలిన పనివారందఱును పరాయి యింటినుండి రావలసినవారే. వారి జన్యువులు కణపు కేంద్రకములో నుండును. ఆ ప్రోటీనులు బయట తయారై, చాలవరకు చిరునామాచీటివంటి తోకను తగిలించుకొని వచ్చి, పొరలలోని ద్వారములగుండ లోనికి పోవును. బయటివారును ఇంటివారును ఒక్క యంత్రమున పక్కపక్కన అమరవలెను. సైటోక్రోము ఆక్సిడేసులోనే ముగ్గురు ఇంటివారు, తక్కినవారు బయటివారు. ఎవ్వరు తప్పినను పని చెడును. కాని కేంద్రకములోని యిరువదివేల జన్యువులలో మైటోకాండ్రియాకు చెందినవి యేవో వ్రాతను చూచినంతమాత్రమున తేలదు.

కనుక పనివారినే పట్టి లెక్కింపవలసివచ్చెను. ఆ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యులు తెలుగు కుటుంబమున పుట్టి అమెరికాలో టెక్సాసున పెరిగిన వైద్యులు మూతా వంశీగారు. సుబ్బారావుగారు పనిచేసిన బోస్టను పరిసరములలోనే వీరి పరిశోధనాలయ ముండుట కాకతాళీయమే కావచ్చును. మనకు మాత్రము చెప్పుకొనుటకు ముచ్చటగా నున్నది. 2014లో భారతప్రభుత్వము వీరికి పద్మశ్రీ నిచ్చినది.

పని పద్ధతి చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. ఎలుక కాలేయమునో గుండెనో మెత్తగా నూరి, గిరగిర త్రిప్పెడి యంత్రములో పోసి, మజ్జిగనుండి వెన్న వేరైనట్లు మైటోకాండ్రియాను వేరుచేయుదురు. వానిలోని ప్రోటీనులను తునకలు చేసి, అణువుల బరువు తూచు మాస్ స్పెక్ట్రోమీటరు యంత్రములోనికి పంపుదురు. తునకల బరువులనుబట్టి అవి ఏ ప్రోటీనువో, ఆ ప్రోటీను ఏ జన్యువుదో గుర్తింతురు. మెదడు, గుండె, మూత్రపిండము, కాలేయము—ఈ నాలుగింటినుండి తీసినవానిని, అంతకుముందు తెలిసినవానితో కలిపి 2003లో 591 ప్రోటీనుల పట్టిక ప్రకటించిరి. వానిలో 163 అంతవరకు మైటోకాండ్రియాకు చెందునని యెవ్వరును ఎరుగనివి.

ఐతే పెండ్లిపందిటిలో భోజనమునకు కూర్చున్నవారందఱును చుట్టములే యని చెప్పుటకు వీలులేదు గదా. నూరునప్పుడు ప్రక్కనున్న ప్రోటీనులును అంటుకొని వచ్చును. పిలువని పేరంటము ఎవరో, నిజమైన చుట్టము ఎవరో తేల్చుటకు మరి యైదేండ్లు పట్టినది. 2008లో పదునాలుగు అవయవములను పరీక్షించి, అనుమానమున్న ప్రోటీనులకు వెలుగునిచ్చు తోకను తగిలించి అవి కణములో ఏ చోట మెరయునో చూచి, ఎలుక మైటోకాండ్రియాకు 1,098 జన్యువుల పట్టికను సిద్ధపరచిరి. మానవుని పట్టిక 2020 నాటి ప్రతిలో 1,136. గుండెలోని పట్టీయు కాలేయములోని పట్టీయు ఒక్కటి కాకపోవుట మరొక విశేషము: కొందరు పనివారు అంతటను కనబడుదురు, కొందరు ఒక్కొక్క అవయవమునకే ప్రత్యేకము.

పట్టికలు వ్రాయుట గుమాస్తా పని యనియు, ఊహ చేయుటయే శాస్త్రమనియు తలచువారు విద్వాంసులలోను కలరు. అట్టివారు కెనడాలో జరిగిన యీ కథను వినవలెను.

క్విబెక్ రాష్ట్రమున సాగనే యను నది యున్నది. దాని పరిసరములందును, దానికి మూలమైన పెద్ద సరస్సు చుట్టును ఫ్రెంచి మాట్లాడువారు నివసింతురు. పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సునుండి వచ్చిన కొద్దిపాటి కుటుంబముల సంతతివారు 1838 మొదలుగా అచ్చటికి పోయి, అడవులు కొట్టి, గ్రామములు కట్టుకొనిరి. పెద్ద పెద్ద సంసారములు. ఒకరి కొకరు చుట్టములమని తెలియకయే కొన్ని తరములకు అందఱును చుట్టములైరి. మొదట వచ్చినవారిలో ఎవ్వరియందో ఒక జన్యువులో ఒక అక్షరము తప్పుపడియుండెను. ఆ తప్పు నేడు ఆ సీమలో ఇంచుమించు ఇరువదిమువ్వురిలో ఒకరియందున్నది. ఒక్క ప్రతి చెడినవానికి ఏ బాధయు లేదు. ఆటలాడును, నూరేండ్లు బ్రదుకును. అట్టివారిద్దరు పెండ్లాడినచో నలుగురు బిడ్డలలో ఒకరికి రెండు ప్రతులును చెడినవే వచ్చుటకు అవకాశము. అచ్చట సుమారు రెండువేల జననములకు ఒక బిడ్డ యిట్లు పుట్టుచుండెను.

ఆ బిడ్డ పుట్టినప్పుడు తల్లికి పెద్దగా భేదము తోచదు. కొంత మెత్తన, నడక ఆలస్యము, మాట ఆలస్యము. పిదప ఒకనాడు జలుబో జ్వరమో వచ్చును. ఇరుగుపొరుగు బిడ్డలకు మూడుదినములలో తగ్గునట్టి జ్వరమే. ఈ బిడ్డకు మాత్రము నెత్తుటిలో లాక్టికు ఆమ్లము పెరిగి, ఊపిరి వడివడిగా వచ్చి, తెలివి తప్పును. కొందరు తేరుకొందురు, మరల మరియొక జ్వరము. ఎక్కువమంది ఐదేండ్లు నిండకముందే పోవుదురు. జ్వరమన్నచో తల్లి కేమి తోచునో వ్రాయుటకు ఇచ్చట మాటలు వెదకుట అనవసరము. ఆ సీమవాడు పియేర్ లవ్వా యను క్రీడాకారుడు తన బిడ్డల నిద్దరిని ఈ రోగమునకే కోల్పోయెను. ఆయన 1999లో ఒక్క దినములో 650 కిలోమీటర్లు సైకిలు త్రొక్కి, ఈ రోగము పేరైనను విననివారికి దాని సంగతి వినిపించెను. తలిదండ్రులు సంఘముగా కూడి పరిశోధనకు ధనము పోగుచేసిరి.

రోగ మెచ్చటనున్నదో వైద్యులకు కొంత తెలియును. ఇంతకుముందు గుర్తుంచుకొనుమన్న కడపటి పనివాడు, సైటోక్రోము ఆక్సిడేసు, ఈ బిడ్డల మెదడునను కాలేయమునను బాగుగా తగ్గియుండెను. విచిత్రమేమనగా గుండెలోను మూత్రపిండములలోను ఇంచుమించు సరిగానే యుండెను. ఆ యంత్రపు భాగముల జన్యువులను వరుసగా చదివిచూచిరి. అన్నియు సరిగానే యున్నవి. దోషి వేరెవ్వడో. కుటుంబముల వంశవృక్షములను పరిశీలించి, దోషియుండు చోటు రెండవ క్రోమోసోములో ఫలాని భాగమని 2001 నాటికి తేల్చిరి. వీధి తెలిసినది, ఆ వీధిలో ఇండ్లు చాల గలవు. ఎవ్వరిని చూచినను మైటోకాండ్రియాతో సంబంధమున్నట్లు ముఖమున వ్రాసిలేదు.

అప్పుడు ఆ హాజరుపట్టీ పనికివచ్చినది. మూతావారును, వారితో పనిచేసిన బోస్టను, క్విబెక్ పరిశోధకులును రెండు ప్రశ్నలు వేసిరి. ఈ వీధిలోని జన్యువులలో, తక్కిన మైటోకాండ్రియా జన్యువులు మేలుకొన్నప్పుడు మేలుకొని, అవి నిదురించినప్పుడు నిదురించునది ఏది? యంత్రములో తూచిన మైటోకాండ్రియా ప్రోటీనుల తునకలలో ఈ వీధివారివి యేవైనను కలవా? రెండింటికిని ఒక్కటే జవాబు వచ్చెను: ఎల్.ఆర్.పి.పి.ఆర్.సి. అను పేరుగల ప్రోటీను. దాని జన్యువును రోగుల నెత్తుటినుండి చదివిచూడగా ఒక్కరు తప్ప తక్కిన బిడ్డలందఱిలోను రెండు ప్రతులయందును అదే స్థానమున అదే యొక్క అక్షరము మారియున్నది. ఆ యొక్కరిలోను ఒక ప్రతియందు అదే తప్పు, రెండవ ప్రతియందు మరొక తప్పు. ఈ ఫలితము 2003లో ప్రకటింపబడెను. చూడగా ఈ ప్రోటీను ఎలక్ట్రానులను మోయునది కాదు, చక్రము త్రిప్పునది కాదు. మైటోకాండ్రియా స్వంత జన్యువులనుండి వచ్చు ఆజ్ఞాపత్రములు చిరిగిపోకుండ కాపాడునది. బయటినుండి వచ్చినవాడు ఇంటివారి పత్రములకు కావలి. కావలివాడు చెడినందున కొలిమి చల్లారినది. యంత్రపు భాగములను ఎన్నియేండ్లు విప్పి చూచినను వీడు దొరకకపోవుటకు కారణమిదియే.

ఇట్లు పట్టికనుబట్టి చిక్కినవారు మరికొందరు కలరు. మైటోకాండ్రియా సున్నపుధాతువును, అనగా కాల్షియమును, పీల్చుకొనునని 1960 ప్రాంతముననే తెలిసినను, ఏ ద్వారమున పీల్చునో యేబదియేండ్లవరకు తెలియలేదు. 2011లో ఆ ద్వారము దొరికినది; పట్టికలో ఉండి, పని తెలియనివారిని వెదకుచు పోగా దొరికినది. వణుకుడు రోగమని మనవారు చెప్పెడి పార్కిన్సను వ్యాధిలో కొన్ని కుటుంబములందు చెడిన మైటోకాండ్రియాను ఏరివేయు ప్రోటీనులకే దోషమున్నదని 2004 తరువాత తేలినది. పట్టికలో నేటికిని పని తెలియనివారు అనేకులు కలరు.

జన్యువు దొరికినందున సాగనే బిడ్డలకు ఏమి ఒరిగినది? సత్యము చెప్పవలెనన్నచో, మందు దొరకలేదు. 2010నుండి ఆ సీమలో బిడ్డలను కనదలచినవారు పరీక్ష చేయించుకొని, తామిద్దరును ఆ తప్పును మోయుచున్నారేమో ముందుగా తెలిసికొనుటకు ఏర్పాటు జరిగినది. ఇది చిన్న మేలని నేననను. చీకటిలో కాలుపెట్టి పడుట వేరు, గోయి యున్నదని తెలిసి నిలుచుట వేరు. కాని ఇప్పటికే పుట్టి, జ్వరముతో తల్లి యొడిలో నున్న బిడ్డకు ఈ పరీక్షతో పని లేదు.

అట్టి బిడ్డలకై మూతావారి పరిశోధనాలయము వేరొక త్రోవ త్రొక్కినది. ఆ ఫలితము విన్నవారు మొదట చెవులను నమ్మలేదు. కొలిమి సరిగా మండనప్పుడు గాలి యెక్కువ ఊదవలెనని యెవ్వరైనను తలంతురు. వీరు గాలి తగ్గించిరి. మైటోకాండ్రియాలోని ఒక ప్రోటీను లేకుండ పుట్టించిన ఎలుకలు ఇట్టి మెదడు రోగముతోనే సుమారు రెండు మాసములలో చచ్చుచుండెను. మన గాలిలో 21 పాళ్ళు ప్రాణవాయువుండగా, ఆ ఎలుకలను 11 పాళ్ళు మాత్రమే గల గాలిలో పెంచిరి. ఎత్తైన పర్వతములమీది పలుచని గాలి యట్లే యుండును. ఆ ఎలుకలు అనేక మాసములు బ్రదికినవి. ఇది 2016 నాటి మాట. పనివాడు లేని కొలిమికి గాలి యాహారము కాదు. వాడుక కాక మిగిలిన ప్రాణవాయువే అచ్చట విషముగా మారుచున్నదని వారి భావము. మరుసటి యేడు చేసిన ప్రయోగములలో, అప్పటికే దెబ్బతిన్న మెదడుగల ఎలుకలును తేరుకొనుట కనబడెను. ఐతే దినమునకు కొన్ని గంటలు ఆ గాలిలో నుంచిన లాభము లేదు. కొంచెము పలుచన చేసినను లాభము లేదు. రేయింబవళ్ళు అందే యుంచవలెను. ఎలుకలను పంజరములో నుంచవచ్చును. బిడ్డ నెట్లుంచుట?

2025లో ఇషా జైన్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును దీనికొక యుపాయము ప్రకటించిరి. పై ప్రయోగములలో ఆమెయు పాల్గొన్నదే. గాలిని మార్చుటకు బదులు మొదట చెప్పిన ఎఱ్ఱకణములను, ఆ కూలివారిని, మార్చుదమని. వీరిచ్చిన మందు నెత్తుటిలోని హిమోగ్లోబినును ప్రాణవాయువును గట్టిగా పట్టుకొనునట్లు చేయును. కూలివాడు మూటను తొందరగా దింపడు. అవయవములకు ప్రాణవాయువు తక్కువగా అందును. గాలి మాత్రము మనయందఱి గాలియే. జబ్బుపడిన ఎలుకలకు ఆ మందుతో ఆయువు పెరిగినది, నడక చక్కబడినది. దానిని మానవులకు ఇచ్చుట ఇంకను మొదలుకాలేదు.